యాడికప్ప

ఆలూరు తాలూకాలో ఒక మిట్ట మీద మట్టిబాట రెండుగా చీలుతుంది. ఒక చీలిక ఆలూరు సంతకు పోతుంది. రెండోది రైలు స్టేషనుకు. రెండూ రోడ్లు కావు. వానొస్తే బురద, రాకపోతే దుమ్ము. అక్కడ వాన రాదు కాబట్టి దుమ్మే.

ఆంధ్ర రాష్ట్రం వచ్చి, కర్నూలు రాజధాని అయి, సర్కారు డేరాలు వేసుకుని కూర్చున్న రోజులవి. ఆ రెండు బాటల్లో ఒకదానికి కంకర వేస్తామన్నారు. ఒకదానికే. కంకర పడిన బాటన బస్సు వస్తుంది. పడని బాట, దాని మీద నడిచే జనం, ఇంకో పాతికేళ్ళు దుమ్ము తింటారు. ఏ బాటకు వేయాలో తేల్చడానికి రోడ్ల ఆఫీసు లేవిని తీసుకొచ్చి ఆ మిట్ట మీద కూర్చోబెట్టింది.

లేవిది కడప పక్క పల్లె. మిషన్ బడిలో ఎస్సెల్సీ దాకా చదివాడు. రోడ్ల ఆఫీసువాళ్ళు అప్రెంటిసులను తీసుకుంటున్నారని విని కర్నూలు వచ్చాడు. అప్రెంటిసంటే సగం జీతం, పూర్తి చాకిరీ. అయినా వచ్చినవాడు వెనక్కి పోలేదు. ఆ ఆఫీసులో ఒక గది ఉంది. గదిలో పొడవాటి బల్ల, బల్ల మీద జిల్లా పటాలు, బల్ల చుట్టూ కుర్రవాళ్ళు. ఒకే బల్ల. ఒకడి మోచేయి ఇంకొకడికి తగులుతుంటుంది. తగిలితే ఎవడూ లేచిపోయి స్నానం చేయడు. లేవి తన బతుకులో అలాంటి బల్ల చూడలేదు. ఆ బల్ల దగ్గర కూర్చోవాలి. అతనికి కావలసింది అదొక్కటే.

అతన్ని మిట్ట మీద దించిన రోజు ఓవర్సీరు శేషన్న పని చెప్పాడు.

"పెద్దమనుషులనడిగితే ఎవని చేను పక్కన యా బాట ఉంటే ఆ బాట కావల్లంటాడు. మనం నోళ్ళనడగం. కాళ్ళనడుగుతాం. యా కాళ్ళు యాడికి పోతాండాయో తెలిస్తే రోడ్డు యాడ పడల్లో తెలుస్తాది. ఇదే ఈ విద్య. ఇంగేం లేదు. మాఘం దంకా కూచో. పని కుదిరిందా, వచ్చి గదిలో బల్ల కాడ కూచుంటావు. కుదరలేదా, కడప బస్సెక్కుతావు."

కాగితంలో గళ్ళు ఉన్నాయి. మనిషా, బండా. ఎక్కడి నుంచి. ఎక్కడికి.

మొదటి పొద్దున పెద్ద ఈరన్న బండి వచ్చింది. పక్క ఊరి ఆసామి. బండి నిండా శెనక్కాయ మూటలు. లేవి బాటకు అడ్డంగా నిలబడి, కాగితం ఎత్తిపట్టుకుని అడిగాడు.

"యాడికి పోతాండావన్నా?"

పెద్ద ఈరన్న పగ్గం లాగాడు. ఎద్దులు నిలిచాయి.

"ఏమంటివి?"

"యాడికి పోతాండారని..."

"నీ నోట్లో మన్ను పడ! శకునం చూసుకోని బండి కట్టుకోని వస్తాంటే యాడికని అడ్డం పడతావా? ఎవడురా నువ్వు?"

"సర్కారు మనిషినన్నా. రోడ్డు కోసరం..."

"సర్కారుకు అమ్మానాయనా లేరా, బయలెల్లినోన్ని యాడికని అడగగూడదని చెప్పేకి?"

లేవికి మాత్రం తెలియదా? బయలుదేరిన మనిషిని ఎక్కడికని అడిగితే పోయే పని చెడుతుందని పాలు తాగే పిల్లకు కూడా తెలుసు. సర్కారు కాగితం చేతిలో ఉంటే శకునం పక్కకు తప్పుకుంటుందనుకున్నాడు. చదువుకున్నవాడు చేసే పొరపాటు ఇదే. కాగితానికి తను భయపడతాడు కాబట్టి లోకమంతా భయపడుతుందనుకుంటాడు.

పెద్ద ఈరన్న బండి దిగాడు. బాట పక్కన సిద్దమ్మ పాక ఉంది. మజ్జిగ, బొరుగులు అమ్ముతుంది. అక్కడ కూర్చుని, చెంబెడు నీళ్ళు తాగి, వక్కాకు నమిలి, అప్పుడు మళ్ళీ కొత్తగా బయలుదేరినట్టు బండి ఎక్కాడు. లేవి వైపు చూడకుండా తోలుకుపోయాడు.

ఆ రోజంతా అదే. అడిగినవాడల్లా తిట్టాడు. తిట్టినవాడల్లా పాకలో కూర్చుని నీళ్ళు తాగి, ఊరికే తాగితే బాగుండదని బొరుగులు కొన్నాడు. సాయంత్రానికి సిద్దమ్మ గంప ఖాళీ.

"నువ్వొచ్చినంక నా యాపారం శానా బాగుండాదప్పా" అంది సిద్దమ్మ. "నువ్వు యాడికంటావు, వాళ్ళొచ్చి ఈడ కూలబడతారు. రేపు ఇంగా గెట్టిగా అడుగు."

లేవి నవ్వాడు. నీళ్ళు కావాలన్నాడు. దోసిలి పట్టించి పైనుంచి పోసింది సిద్దమ్మ. చెంబు అంచు అతని వేలికి తగలకుండా పోసింది. నవ్వుతూనే పోసింది. మంచిదే ఆమె. మంచివాళ్ళు చేస్తే తప్పు తప్పు కాకుండా పోదు.

పాక నీడ అందరికీ. అతనికి బాటకు అటుపక్క, తుమ్మచెట్టు కింద, ఒక బండ.

రెండు మూడు వారాల్లో అతనికి పేరు వచ్చింది. లేవి అని కాదు. యాడికప్ప అని. బండ్లవాళ్ళు మిట్ట కింద నుంచే కేకలు వేసుకునేవాళ్ళు. "రేయ్, యాడికప్ప కూచోనుండాడు! నోరు తెరవకముందే తోలు!" మలుపు దగ్గరికి రాగానే ఎద్దుల తోకలు మెలిపెట్టి దుమ్ము లేపుకుంటూ పోయేవాళ్ళు. కొందరు మిట్ట ఎక్కకుండా చేలలో పడి చుట్టు తిరిగిపోయేవాళ్ళు. బాటను లెక్కపెట్టడానికి వచ్చినవాణ్ణి బాటే తప్పించుకుని పోసాగింది. పొద్దు పుట్టి పొద్దు గుంకేదాకా అతనితో మనిషి మాట ఉండేది కాదు. అప్పుడప్పుడు తనే తన పేరు పైకి అనుకునేవాడు, గొంతు ఉందో లేదో చూసుకోవడానికి.

రాత్రి పడక పక్క ఊరి మాలపేటలో, ఉపదేశి దాసన్న ఇంటి అరుగు మీద. దాసన్న పెద్ద గొంతు మనిషి.

"శకునాలు సాతాను పని లేవీ. విశ్వాసం ఉండేవానికి యాడికంటే ఏమి, యాడికనకుంటే ఏమి? ధైర్యంగా అడుగు."

మర్నాడు ఆదివారం. దాసన్న బైబిలు చంకన పెట్టుకుని పక్క పల్లెలో ఆరాధనకు బయలుదేరాడు. లేవి అరుగు మీద నుంచి అడిగాడు.

"యాడికి ఉపదేశిగారూ?"

దాసన్న కాలు వాకిట్లో ఆగింది. వెనక్కి తిరిగి ఇంట్లోకి వచ్చి మంచం మీద కూర్చున్నాడు.

"కాలు మడమలో కలుక్కుమన్యాది. రవ్వంతసేపు కూచోని పోతా. కృపమణీ, నీళ్ళు తే."

భార్య కృపమణి చెంబు తెచ్చి ఇచ్చి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి పరిగెత్తింది.

మాట మార్చి చూడమని సిద్దమ్మే చెప్పింది.

"యాడికనగూడదప్పా. 'దూరమా?' అనల్ల. మర్యాదగా ఉంటాది."

నిజమే, ఎవడూ తిట్టలేదు. దూరమా అని అడిగితే అందరూ మర్యాదగానే జవాబిచ్చారు. "ఈడికే." సంతకు పోయేవాడూ ఈడికే. కోర్టు వాయిదాకు పోయేవాడూ ఈడికే. పిల్లనిచ్చిన ఊరికి పోయేవాడూ ఈడికే. వాళ్ళు చెప్పింది చెప్పినట్టు లేవి రాశాడు. శనివారం శేషన్న సైకిలు దిగి, కాగితాలు తిరగేసి, కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ చూశాడు.

"ఈడికే, ఈడికే, ఈడికే... ఈ ఈడికే అనే ఊరు యా తాలూకాలో ఉండాదప్పా?"

"వాళ్ళు అదే చెప్తాండారు సార్."

"రోడ్డు వేసేకి పోతే ఇంజనీరు నన్నడుగుతాడు. యాడికి రోడ్డంటే, ఈడికే అని చెప్పాల్నా నేను?" శేషన్న చెడ్డవాడు కాడు. నవ్వుకుని, తర్వాత నవ్వు ఆపేశాడు. "ఇట్లయితే ఈ పని నీకు కుదరదు లేవీ. ఇంగో నెల చూస్తా."

ఆ సాయంత్రం లేవి తుమ్మచెట్టు కింద తల వంచుకుని కూర్చుని ఉండగా ఆలూరు బాటన పెద్ద ఈరన్న బండి ఖాళీగా వచ్చింది. ఎదురుగా ఆగింది.

"ఏమప్పా యాడికప్పా, మొగం అట్ల పెట్టినావు? నేను యాన్నించి వస్తాండానో అడగవా?"

లేవి తలెత్తాడు. "యాన్నించన్నా?"

"ఆలూర్నించి! శెనక్కాయ రేటు ఎట్ల కోసినాడో తెలుసునా ఆ సేటు? తూకంలో ఒక తూరి, మాటలో ఒక తూరి..." ఆగకుండా చెప్పాడు. ఏ ఏ అంగడికి పోయింది, ఏమి తిన్నది, దారిలో ఎవరు కలిసింది. పోయేటప్పుడు నోరు కుట్టేసుకున్న మనిషి, వచ్చేటప్పుడు వినేవాడు దొరికితే చాలన్నట్టు ఉన్నాడు.

పని అయిపోయినవాడికి శకునం భయం లేదు. చెడడానికి ఇంకేం మిగిలింది?

మర్నాటి నుంచి లేవి పొద్దున నోరు తెరవలేదు. సాయంత్రాలు అడిగాడు. యాన్నించి వస్తాండారు? బండ్లు ఆగాయి. సంచులు దించుకుని నిలబడి చెప్పారు. కాగితాలు నిండాయి. శేషన్న చూసి అతని వీపు మీద చరిచాడు. కావాలని చరిచాడో మరిచిపోయి చరిచాడో గాని, చరిచాడు.

"బుర్ర ఉండాదప్పా నీకు! ఇంగ మాఘం ఎంత దూరమో లేదు. బల్ల కాడ నీ చోటు నీకుంటాది."

ఆ రాత్రి లేవికి నిద్ర పట్టలేదు. సంతోషంతో.

కాని ఆ ఏడు చిత్తకార్తె కూడా ఎండిపోయింది. కొర్ర వెన్ను పట్టలేదు. జొన్న మోకాలెత్తున మాడింది. మోతుబరులకు గాదెల్లో ఉంది, వాళ్ళు తిన్నారు. లేనివాళ్ళు ఊళ్ళు వదలడం మొదలుపెట్టారు. పొద్దు పొడిచే వేళకు మిట్ట ఎక్కేవాళ్ళు. నెత్తిన మూట, మూట మీద చట్టి, చంకన పిల్ల, వెనక ఇంకో పిల్ల. ఆలూరు వైపు తిరిగేవాళ్ళు కాదు. స్టేషను బాట పట్టేవాళ్ళు.

లేవి సాయంత్రం వాళ్ళ కోసం కూర్చున్నాడు. ఎవరూ రాలేదు. మర్నాడు ఇంకొందరు పోయారు. ఆ సాయంత్రమూ ఆ బాటన గాలి తప్ప ఏమీ రాలేదు. ఆలూరు బాట మాత్రం బండ్లతో, కబుర్లతో కళకళలాడింది.

కాగితం ముందు పెట్టుకుని చూస్తే అప్పుడు అర్థమైంది. తిరిగి వచ్చేవాణ్ణే అడుగుతున్నాడు కాబట్టి, తిరిగి రానివాడు కాగితం మీద లేడు. ఊళ్ళకు ఊళ్ళు నడిచిపోతున్న బాట కాగితం మీద ఖాళీగా ఉంది. ఇంజనీరు ఆ ఖాళీని చూసి ఏమంటాడు? ఆ బాటన ఎవరూ పోవడం లేదంటాడు. తన తెలివే వాళ్ళను తుడిచేసింది.

మరి పోయేటప్పుడే అడగాలి. ఇల్లు వాకిలి వదిలిపెట్టి పోతున్నవాణ్ణి యాడికి అని ఏ నోటితో అడుగుతాడు? ఒక ముసలామెను, తల మీద కుండతో ఒంటరిగా పోతున్నదాన్ని, దూరమా అవ్వా అని అడిగాడు. ఆమె నిలబడి, మర్యాద తప్పకుండా, "ఈడికే నాయనా" అంది. అని రైలు వైపు పోయింది. లేవి ఆ పూట ఇంకెవరినీ అడగలేకపోయాడు.

నాలుగు రోజులకు చిన్న ఈరన్న వచ్చాడు. పెద్ద ఈరన్న చేలో ఏడాది పొడుగునా కూలి చేసేవాడు. అతని పెండ్లాం, ఇద్దరు పిల్లలు. చిన్నది కాలికి ముల్లు గుచ్చుకుని కుంటుతోంది. లేవి లేచాడు. కాగితాల మీద రాయి పెట్టాడు. ఏమీ అడగకుండా పిల్లను భుజాన ఎత్తుకుని వాళ్ళతో పాటు నడిచాడు.

కొంతదూరం పోయాక చిన్న ఈరన్న ఓరగా చూశాడు.

"ఏం యాడికప్పా, ఈపొద్దు అడగవా?"

"అడగను. నేనూ వస్తాండా."

"యాడికి?" అనేసి చిన్న ఈరన్న నాలిక కరుచుకున్నాడు.

ఇద్దరూ ఆగి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పగలబడి నవ్వారు. చిన్న ఈరన్న పెండ్లాం కూడా మూట కింద నుంచి నవ్వింది. ఆ బాటకు వచ్చాక లేవి ఇంకొక మనిషితో కలిసి నవ్వడం అదే మొదలు.

స్టేషను చేరారు. రేకు కప్పు, ఒక గది, గోడకు చిన్న కిటికీ. కిటికీ ముందు జనం. లోపలి గుమాస్తా మొహం కనబడదు, గొంతు వినబడుతుంది.

"యాడికి?"

"ఆదోనికి సామీ."

"యాడికప్పా నీకు?"

"గుంతకల్లుకు."

లేవి పిల్లను దించడం మరిచిపోయి నిలబడిపోయాడు. ఒక్కడూ తిట్టడు. ఒక్కడూ పోయి నీళ్ళు తాగి రాడు. ఇన్నాళ్ళూ ఏ మాటకు మిట్ట మీద మన్ను తిన్నాడో ఆ మాటే ఈ కిటికీలో నుంచి వస్తుంటే బుద్ధిగా జవాబు చెబుతున్నారు. ఇక్కడ చెప్పకపోతే చీటీ లేదు.

చిన్న ఈరన్న వంతు వచ్చింది.

"యాడికి?"

చిన్న ఈరన్న మొలలో గుడ్డ విప్పి ఉన్న డబ్బంతా కిటికీలో పోశాడు.

"ఈ దుడ్లకు మా నలుగురికి యాడిదంకా వస్తాదో ఆడికియ్యి సామీ."

గుమాస్తా ఆశ్చర్యపోలేదు. రోజూ వినే మాటే కాబోలు. ఎంచి చూసి చీటీలు కొట్టి తోశాడు.

"రాయచూరు."

"రాయచూర్లో ఏముండాది సామీ?"

"స్టేషనుండాది. జరుగు, ఎనకోడు రావల్ల."

రైలు వచ్చింది. లేవి పిల్లను కిటికీలో నుంచి లోపలికి అందించాడు. చిన్న ఈరన్న ఏదో చెప్పాడు. ఇంజను కూతలో వినబడలేదు. రైలు పోయింది. ప్లాట్‌ఫారం మీద ఐదుగురు ఉన్నచోట లేవి ఒక్కడే ఉన్నాడు.

ఎండలో తిరిగి నడిచి మిట్ట ఎక్కేసరికి శేషన్న సైకిలు తుమ్మచెట్టుకు ఆనించి ఉంది. శేషన్న బండ మీద కూర్చుని కాగితాలు చూస్తున్నాడు.

"యాడికి పోయినావు?"

లేవి అంతా చెప్పాడు. శేషన్న కాగితాలు సర్ది రాయి కింద పెట్టాడు.

"సరే. ఇడిచిపెట్టి పోయినందుకు ఏం రాయనులే. ఈ కాగితాల్లో ఆలూరు బాట తేటగా ఉండాది. పని అయిపోయినట్లే. సోమారం వచ్చి గదిలో కూచో. చోటు ఖాళీగా ఉండాది."

"ఈ కాగితాలు తప్పు సార్."

"నువ్వు రాసినవే గదా?"

"నేనే రాసినా. వచ్చినోళ్ళను రాసినా. పోయినోళ్ళు దీంట్లో లేరు."

"పోయినోళ్ళకు రోడ్డెందుకప్పా? పోయినారు గదా!"

"రోడ్డు లేకనే పోయినారు సార్. గుంతకల్లు లోకోషెడ్డులో బొగ్గు దించే పనుండాదని కిటికీ కాడ చెప్పుకుంటాంటే ఇన్నా. స్టేషనుకు బస్సుంటే పొద్దున రైలుకు పోయి పని చేసుకోని మాపటికి ఇంటికొస్తారు. నడిచి పోయేసరికి ఆ రైలు వెళ్ళిపోతాంది. దాంతో పిల్లాజెల్లాను ఎత్తుకోని ఒకే తూరి పోతాండారు. ఆలూరుకు రోడ్డేస్తే పెద్ద ఈరన్న శెనక్కాయ బెరీన పోతాది. అంతే."

"ఇది నీ మాట." శేషన్న గొంతులో కోపం లేదు. అలసట ఉంది. "మాట తీసుకోరు ఆడ. కాగితం కావల్ల."

"తెస్తా సార్. ఆ కిటికీ కాడ కూచుంటే అందరూ యాడికో చెప్తారు."

"ఎన్నాళ్ళు?"

"వాళ్ళు పోయేదంతా అయ్యేదంకా."

"అంటే ఎండాకాలమంతా. నీకు తోడు ఇంగో మనిషినిచ్చేకి నాకాడ లేడు. నువ్వు రాకుంటే బల్ల కాడ ఇంగోడు కూచుంటాడు. మల్లా ఎప్పుడు ఖాళీ అయితాదో నేను చెప్పలేను. అప్రెంటిసు గడువు పొడిగించమని రాస్తా. నా చేతుల్లో ఉండేది అంతే." ఆగి, "బాగా చూసుకో. ఆ గది కోసరమే గదా వచ్చినావు" అన్నాడు.

లేవికి బల్ల కనబడింది. బల్ల మీద పటం, పటం మీద వంగిన తలలు, తన మోచేతికి తగులుతున్న ఇంకొకడి మోచేయి.

"పొడిగించమని రాయండి సార్."

"రాస్తే మల్లా ఎనక్కి తీసుకునేది ఉండదు."

"రాయండి."

శేషన్న ఆలూరు కాగితాలు సంచిలో పెట్టుకోలేదు. లేవి చేతికే ఇచ్చాడు. "రెండూ కలిపి ఒకే తూరి పంపు. అందాక నేను ఇంజనీరుకు ఏదో ఒకటి చెప్తా." సైకిలెక్కి దిగుడులో జారిపోయాడు.

స్టేషను గుమాస్తా మొదట ఒప్పుకోలేదు. శేషన్న రాసిచ్చిన కాగితం చూసి గొణుక్కుంటూ ఒప్పుకున్నాడు. "ఆ గోడ వార కూచో. ఎవరికీ అడ్డం రావద్దు. ఎవరితోనూ మాట్లాడొద్దు. రైలు ఆలస్యమయితే నన్నంటారు."

లేవి గోడ వార కూర్చున్నాడు. అక్కడి నుంచి జనం వీపులే కనబడతాయి. మొహాలు కిటికీ వైపు. ఆదోని. గుంతకల్లు. మళ్ళీ గుంతకల్లు. రాసుకుంటూ పోయాడు. తర్వాత ఒక ముసలాయన, వెనక కోడలు, పిల్లలు.

"ఈ దుడ్లకు యాడిదంకా వస్తాదో..."

చీటీ తీసుకున్నాడు. వీపు పక్కకు జరిగింది.

లేవి కలం ఆగింది. చీటీ మీద ఏ ఊరున్నా, అది ఆ మనిషి పోవాలనుకున్న ఊరు కాదు. ఆఫీసు ఇచ్చిన కాగితంలో దీనికి గడి లేదు. అంచున ఖాళీ జాగా ఉంది. గీతలు గీసే బద్ద లేదు. చేత్తోనే పైనుంచి కిందికి గీత గీశాడు. వంకరపోయింది. పోనీ అనుకున్నాడు. గీసిన గడి పైన "దుడ్లు ఉన్నంత దూరం" అని రాసి, కింద మొదటి గీటు పెట్టి, కిటికీ వైపు చెవి పెట్టాడు.